విమానాశ్రయ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం: పాత సామగ్రి, విడతల బడ్జెట్, ముందు ఏది మార్చాలి?

మాస్ట్10

అందరికీ నమస్కారం. ఒక విమానాశ్రయంలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం నిర్వహణ ఈ మధ్యే నా చేతికి వచ్చింది. సామగ్రి చాలా పాతది. రన్‌వే రెండు చివర్లా పది మీటర్ల మాస్ట్‌లు, వాటి మీద తిరిగే కప్పుల విండ్ సెన్సర్లు, దిశకు వేన్‌లు. టచ్‌డౌన్ (విమానం నేల తాకే చోటు) దగ్గర ఆర్‌వీఆర్ కోసం, అంటే రన్‌వే మీద పైలట్‌కు కనిపించే దూరం కోసం, ఫార్వర్డ్ స్కాటర్ సెన్సర్ ఒకటి. మేఘాల ఎత్తు కొలిచే సీలోమీటర్ ఒకటే. పరికరాల గదిలో రెండు డిజిటల్ బారోమీటర్లు. అక్కడి నుంచి టవర్ దాకా రాగి తీగలు, సీరియల్ లైన్లు, చివర్లో ఒక పాత కంప్యూటర్.

కొన్నింటికి స్పేర్ పార్టులు రావడం ఆగిపోయింది. డబ్బు ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. పైవాళ్లు ముందు సర్వర్, టవర్‌లోని డిస్‌ప్లేలు మార్చమంటున్నారు, అందరికీ కనిపించేవి అవే కాబట్టి. నాకేమో ఎండలో వానలో నిలబడ్డ సెన్సర్లతోనే మొదలుపెట్టాలని ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లు ఏ వరుసలో వెళ్లారో, ఎందుకు అలా వెళ్లారో చెప్పండి. కొత్తవి వచ్చేదాకా పాతవాటిని నమ్మదగ్గట్టు ఎలా ఉంచుకోవాలో కూడా చెబితే మేలు చేసినవారవుతారు.

కాలిబ్రేషన్_గది

పూర్తిగా ఆగిపోయిన సెన్సర్ గురించి అంత టెన్షన్ పడక్కర్లేదండి. మెటార్‌లో (విమానాశ్రయం క్రమంగా పంపే వాతావరణ నివేదిక) ఆ చోట ఏటవాలు గీతలు (//) వస్తాయి, టవర్‌కు తెలుస్తుంది, నోటామ్ (పైలట్లకు పంపే నోటీసు) వెళ్తుంది, పైలట్ తన ఏర్పాట్లు తను చేసుకుంటాడు. నడుస్తూనే, చూడ్డానికి సరిగ్గా ఉన్నట్టే ఉండే తప్పు అంకె ఇచ్చే సెన్సర్‌తోనే అసలు ప్రమాదం. అందుకే పరికరం వయసు చూసి వరుస పెట్టకండి. ఏది తప్పు చెబితే మనకు తెలిసే దారి లేదో, దానితో మొదలుపెట్టండి.

ఆ లెక్కన నాకు మొదటిది పీడనం. సముద్ర మట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ తేడా అంటే 27, 28 అడుగుల ఎత్తు. క్యూఎన్‌హెచ్ (సముద్ర మట్టానికి సరిచేసి టవర్ చెప్పే పీడనం) తప్పయితే దాన్ని ఆల్టిమీటర్‌లో (ఎత్తు చూపే పరికరం) పెట్టుకున్న ప్రతి విమానమూ అదే తప్పుతో దిగుతుంది. అన్నీ ఒకే తప్పులో ఉంటాయి కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని అనుమానించే వీలుండదు. 2022 మే నెలలో పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయం దగ్గర జరిగింది చాలామంది చదివే ఉంటారు. అక్కడ సెన్సర్ తప్పు లేదు, 1001 అని చెప్పాల్సిన చోట కంట్రోలర్ 1011 అని చెప్పారు. ఆ పది హెక్టోపాస్కల్స్ వల్ల విమానం దాదాపు 280 అడుగులు కిందుగా వచ్చింది. రన్‌వే ఇంకా రాకముందే నేలకు ఆరడుగుల ఎత్తు దాకా దిగి, మళ్లీ పైకి లేచింది. తప్పు నోటి నుంచి వచ్చినా, బారోమీటర్ నుంచి వచ్చినా విమానానికి ఒకటే.

మీ దగ్గర రెండు బారోమీటర్లు ఉన్నాయి కదా, వాటి మధ్య తేడాను రోజూ నమోదు చేయండి. తేడా మెల్లగా పెరుగుతోందంటే ఏదో ఒకదాని అంకె అసలు విలువ నుంచి జారుతున్నట్టు. ఏది జారుతోందో ఆ రెండింటినీ చూసి తేల్చలేం. మూడోది కావాలి, లేదంటే కనీసం ఏడాదికోసారి కాలిబ్రేట్ అయిన ట్రావెలింగ్ బారోమీటర్ తెచ్చి పక్కన పెట్టి చూడాలి. ఇంకో విషయం, పీడనాన్ని లోపలికి తెచ్చే గొట్టం బయటికి ఉందా, గదిలోనే తెరిచి ఉందా? తలుపులు మూసి ఏసీ నడుస్తూ, బయట గాలి గట్టిగా వీస్తుంటే గదిలో పీడనం బయటిదానితో సమానంగా ఉండదు. గొట్టం చివర స్టాటిక్ హెడ్ (వీచే గాలి వల్ల పీడనం కొలత చెడకుండా కాచే మూత) పెట్టి, అందులో పురుగులు గూడు కట్టాయేమో తరచూ చూడాలి.

టవర్_గొంతు

కంట్రోలర్‌ని. పై మాటతో ఏకీభవిస్తాను, కానీ డిస్‌ప్లేల గురించి కొంచెం చెప్పాలి.

మాకు మీ మాస్ట్ కనిపించదు, మీ బారోమీటర్ కనిపించదు. మా ముందున్న స్క్రీన్ మీది అంకే మాకు వాతావరణం. లైన్ తెగినా, కంప్యూటర్ బిగుసుకుపోయినా పాత అంకె అలాగే నిలబడి ఉంటే, అది ఇప్పటిది అనుకునే చదువుతాం. గాలి ప్రశాంతంగా ఉన్న రోజు పది నిమిషాలు అదే అంకె ఉన్నా ఎవరికీ అనుమానం రాదు. పడమటి నుంచి ఉరుముల మబ్బు వచ్చి గాలి తిరిగిపోయినప్పుడు స్క్రీన్ ఇంకా ఎదురుగాలి చూపిస్తుంటే మేం వెనక గాలిలో విమానాన్ని దింపుతున్నట్టే. కాబట్టి మీ పాత కంప్యూటర్‌లో డేటా ఆగితే అంకె చెరిగిపోతుందా, గడియారం ఆగితే తెలుస్తుందా, ఈ రెండూ ముందు పరీక్షించండి. అవి లేకపోతే పైవాళ్లు చెప్పిన వరుసలో కూడా న్యాయం ఉంది.

సగటుల సంగతి కూడా చూడండి. టేకాఫ్, లాండింగ్‌కు మేం చెప్పే గాలి రెండు నిమిషాల సగటు. మెటార్‌లో వెళ్లేది పది నిమిషాల సగటు. మెటార్ దిశ నిజ ఉత్తరం నుంచి, మా స్క్రీన్ మీద దిశ అయస్కాంత ఉత్తరం నుంచి. కొత్త డిస్‌ప్లే పెట్టినప్పుడు ఈ రెండూ తారుమారైతే పక్క గాలి లెక్క మొత్తం చెడుతుంది.

కాలిబ్రేషన్_గది

అంకె నిలిచిపోయే విషయంలో మీరన్నది సరైనదే. అయితే దానికి సర్వర్ మొత్తం మార్చాల్సిన పని లేకపోవచ్చు. డేటా ఇన్ని సెకన్లు రాకపోతే ఖాళీ చూపించు అన్న నియమం చాలా పాత సాఫ్ట్‌వేర్లలో కూడా ఉంటుంది. ఎప్పుడో ఎవరో అలారం గోల భరించలేక ఆపేసి ఉంటారు. ముందు సెటింగ్స్ వెతకండి. మెరిసే కొత్త స్క్రీన్ మీద జారిపోయిన సెన్సర్ అంకె వస్తే నష్టమే ఎక్కువ, అందరూ దాన్ని ఇంకా గట్టిగా నమ్ముతారు.

రన్‌వే_పక్కన

టెక్నీషియన్‌ని, మాస్ట్ ఎక్కే పని నాది. గాలి సెన్సర్ల గురించి చెప్తాను.

కప్పుల సెన్సర్‌లో మొదట పోయేది బేరింగ్. బేరింగ్ బిగుసుకుంటే మెల్లటి గాలికి కప్పులు కదలవు, గట్టి గాలిలో కొంచెం తక్కువ చూపిస్తాయి. అది ఒక్క రోజులో జరగదు కాబట్టి గ్రాఫ్‌లో కనిపించదు. పట్టుకోవాలంటే టార్క్ డిస్క్‌తో (తిరగడానికి ఎంత బలం కావాలో చూపే పళ్లెం) తిప్పి చూడాలి, లేదంటే రెండు చివర్ల సెన్సర్లనూ ఒకేరకం గాలి వీచే రోజుల్లో పోల్చాలి. ఒక చివర "గాలి లేదు" అన్న గంటలు ఇంకో చివర కంటే ఎక్కువగా వస్తుంటే ఆ బేరింగ్ మార్చాల్సిందే.

దిశలో ఎక్కువ తప్పులు వచ్చేది వేన్ వల్ల కాదు, దాన్ని మళ్లీ బిగించేటప్పుడు. మాస్ట్ పడుకోబెట్టి పని చేసి నిలబెట్టాక ఉత్తరం గుర్తు నాలుగైదు డిగ్రీలు తిరిగిపోవడం మామూలే. దిక్సూచిని ఇనుప మాస్ట్ పక్కన పెట్టి చూస్తే అది తప్పు చెబుతుంది. దూరంగా ఉన్న ఒక స్థిరమైన గుర్తుకు సర్వే చేయించి దాని దిశ కోణం రాసి పెట్టుకుని, ప్రతిసారీ దాన్ని గురి చూసి బిగించడమే సరైన పద్ధతి.

ధ్వనితో గాలిని కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు తిరిగే భాగాలు లేవు, అందుకే అందరూ అటు వెళ్తున్నారు. కానీ పక్షులు. వాటికి ఆ చేతుల మీద కూర్చోవడం ఇష్టం. ధ్వని దారికి అడ్డొస్తే ఒక్కసారిగా లేని గస్ట్ (గాలి విసురు) పుడుతుంది. అమెరికాలో ఏఎస్‌ఓఎస్ అనే ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల్లో కప్పులు తీసి అల్ట్రాసోనిక్ పెట్టిన తర్వాత ఇదే గొడవ వచ్చి పక్షులు వాలకుండా ఏర్పాట్లు చేయాల్సి వచ్చింది. కొనేటప్పుడే పక్షుల ముళ్లు ఉన్నాయా, అవి కొలతను చెడగొట్టకుండా పరీక్షించినవేనా అని అడగండి. గాలి లేని పెట్టెలో సున్నా చూపిస్తుందో లేదో చూసే జీరో టెస్ట్ సామాను కూడా కొనుగోలు జాబితాలో పెట్టించండి. తర్వాత విడిగా అడిగితే రాదు.

మబ్బు_కొలత

విజిబిలిటీ, మేఘాల వైపు నుంచి నా అనుభవం.

ఫార్వర్డ్ స్కాటర్ సెన్సర్ ఎటువైపు తప్పు చెబుతుందో అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే. గాలిలోని బిందువుల మీద పడి చెదిరిన వెలుగును అది కొలుస్తుంది. ఎక్కువ వెలుగు చెదిరితే విజిబిలిటీ తక్కువ అంటుంది. ఇప్పుడు అద్దం మురికిపట్టిందనుకోండి, రిసీవర్‌కు చేరే వెలుగు తగ్గుతుంది, కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ దూరం కనిపిస్తోందని చెబుతుంది. ప్రమాదం అటువైపు. ట్రాన్స్‌మిస్సోమీటర్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, అది నేరుగా వచ్చే వెలుగు ఎంత మిగిలిందో చూస్తుంది కాబట్టి అద్దం మురికైతే విజిబిలిటీ తక్కువ అంటుంది. విమానాలు ఆలస్యం అవుతాయి, కానీ ఎవరూ లేని దూరాన్ని నమ్మి దిగరు.

ఫార్వర్డ్ స్కాటర్‌లో సాలెగూడుది ఇంకో కథ. హుడ్ మధ్యలో సాలీడు దారం కడితే అది వెలుగును చెదరగొట్టి, ఎండ కాస్తున్న మధ్యాహ్నం కూడా పొగమంచు ఉన్నట్టు చూపిస్తుంది. ఇది వెంటనే బయటపడుతుంది కాబట్టి అందరూ దీన్నే గుర్తుపెట్టుకుంటారు. అద్దం మురికిని మర్చిపోతారు. కొత్త సెన్సర్లు అద్దం మురికిని తామే కొలిచి సరిచేసుకుంటాయి, ఒక హద్దు దాటాక అలారం ఇస్తాయి. ఆ సరిచేసిన మొత్తం ఎంతో రోజూ లాగ్ చేసుకోండి. అలారం వచ్చేదాకా ఆగకుండా ఎప్పుడు తుడవాలో ఆ గ్రాఫే చెబుతుంది. గడ్డి కోసిన రోజు సాయంత్రం అది ఎలా ఎగబాకుతుందో చూస్తే గడ్డి కోసేవాళ్లతో మాట్లాడి తుడిచే రోజును దాని తర్వాత పెట్టుకుంటారు.

సీలోమీటర్ కిటికీ అద్దం మురికైనప్పుడు ఎత్తులోని పలుచని మబ్బులు ముందు మాయమవుతాయి. బ్లోవర్ ఆగిపోతే వాన చినుకులు అద్దం మీద నిలిచి అర్థంలేని మేఘాలు పుడతాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చే ప్రాంతాల్లో సీలోమీటర్‌ను కొద్దిగా ఒంచి పెట్టాలి. నిటారుగా ఉంటే ఎండ లెన్స్‌లోంచి నేరుగా డిటెక్టర్ మీద పడి దాన్ని చెడగొట్టవచ్చు. ఒంచిన కోణాన్ని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి, లేకపోతే మేఘం ఎత్తు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

మాస్ట్10

చాలా ఉపయోగపడే మాటలు. మా పొగమంచు రోజుల సంగతి అడుగుతాను. తెల్లవారుజామున సెన్సర్ చెప్పే ఆర్‌వీఆర్ కంటే తక్కువే కనిపించిందని పైలట్ల నుంచి అప్పుడప్పుడూ కబురు వస్తోంది. అద్దాలు తుడిచాం, స్కాటర్ ప్లేట్ (తెలిసినంత వెలుగు చెదరగొట్టే పరీక్ష పలక) పెట్టి చూశాం, సెన్సర్ బాగానే ఉంది. అయినా ఆ ఫిర్యాదు ఆగలేదు. ఇంకెక్కడ చూడాలి?

మబ్బు_కొలత

ఆర్‌వీఆర్ ఒక్క సెన్సర్ చెప్పే అంకె కాదండి, లెక్క కట్టే అంకె. అందులోకి మూడు వస్తాయి: గాలి ఎంత మసకగా ఉందో, వెనక ఆకాశం ఎంత వెలుగుగా ఉందో, రన్‌వే లైట్లు ఏ స్థాయిలో వెలుగుతున్నాయో. మొదటిది సరిగ్గా ఉందంటున్నారు. రెండోది కొలిచే బ్యాక్‌గ్రౌండ్ ల్యుమినెన్స్ సెన్సర్ అద్దం ఎవరైనా ఎప్పుడైనా తుడిచారా? అది మురికైతే పగలు కూడా చీకటిగా ఉందనుకుంటుంది. చీకట్లో లైట్లు ఎక్కువ దూరం కనిపిస్తాయి కాబట్టి ఆర్‌వీఆర్ పెరిగిపోతుంది. తెల్లవారే వేళే ఫిర్యాదు వస్తోందంటే నా మొదటి అనుమానం దాని మీదే.

మూడోది లైట్లు. ఈ మధ్య రన్‌వే లైట్లు ఎల్‌ఈడీలకు మార్చారా? మార్చి ఉంటే, ప్రతి స్థాయికీ ఎంత వెలుగు అన్న పట్టిక ఆర్‌వీఆర్ సాఫ్ట్‌వేర్‌లో కూడా మార్చాలి. పాత ఫిలమెంట్ బల్బుల పట్టికే ఉండిపోతే లెక్క ఒక దారిలో, కళ్లు ఇంకో దారిలో వెళ్తాయి. లైట్ల విభాగం, మన విభాగం వేరు వేరు కాబట్టి ఈ కబురు మనదాకా రాదు. అలాగే లైట్ల ముఖాలు టైర్ల రబ్బరుతో, దుమ్ముతో నల్లబడితే మన లెక్కలో ఉన్న వెలుగు నిజంగా అక్కడ ఉండదు.

సెన్సర్ ఉన్న చోటు కూడా చూడండి. ఆర్‌వీఆర్‌ను రన్‌వే మధ్య గీత నుంచి 120 మీటర్లకు మించని దూరంలో, దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తులో, టచ్‌డౌన్‌కైతే థ్రెషోల్డ్ (రన్‌వేపై దిగే భాగం మొదలయ్యే చోటు) నుంచి సుమారు 300 మీటర్ల లోపలికి కొలవాలన్నది ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నిబంధనలు చెప్పేది. ఎప్పుడో రన్‌వే పొడిగించి థ్రెషోల్డ్ జరిపితే, సెన్సర్ పాత చోటే మిగిలిపోయి ఉండొచ్చు.

మాస్ట్10

ఎల్‌ఈడీలకు మార్చారు. పట్టిక సంగతి ఎవరినీ అడగలేదు. ల్యుమినెన్స్ సెన్సర్ తుడిచినట్టు లాగ్‌బుక్‌లో ఎక్కడా లేదు. రెండూ రేపే చూస్తాను.

పాత_పరిశీలకుడు

నేను మనుషులు గంట గంటకీ ఆకాశం చూసి రాసే కాలం నుంచి ఉన్నవాణ్ని. ఆటోమేటిక్ కేంద్రాలంటే నాకు వ్యతిరేకత లేదు. రాత్రంతా నిద్రపోకుండా ప్రతి నిమిషం కొలుస్తాయి, మనిషి వల్ల కాదు. కానీ వాటికి ఏం కనిపించదో తెలుసుకుని నడపాలి.

సీలోమీటర్ తన నెత్తి మీద ఉన్నదే చూస్తుంది. పక్కన మైలు దూరంలో మబ్బు గోడ నిలబడి ఉన్నా దానికి ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. మబ్బులు గాలికి నడిచి వచ్చి తన మీదుగా పోతాయన్న నమ్మకంతోనే లెక్క సాగుతుంది. ఏఎస్‌ఓఎస్‌లో గడిచిన ముప్పై నిమిషాల కొలతలు తీసుకుని, చివరి పది నిమిషాలకు రెట్టింపు విలువ ఇచ్చి మేఘాల మొత్తం చెబుతారు. గాలి ఆగి మబ్బు కదలని రోజు, లేదా మబ్బు ఒక్కసారిగా దిగిన రోజు ఆ లెక్క వెనకబడుతుంది. పొగమంచు ముద్దలుగా పడే చోట కూడా అంతే, సెన్సర్ దగ్గర లేకుండా రన్‌వే మధ్యలో పడుకుని ఉంటుంది.

అందుకే నా సలహా, మనుషులు ఉన్నంత కాలం వాళ్లతో పోల్చి చూడండి. తెలిసిన దూరాల్లో ఉన్న గుర్తుల పట్టిక, పగటికి కట్టడాలు, రాత్రికి దీపాలు, టవర్‌లో పెట్టి ఉంచండి. సెన్సర్ చెప్పిందీ కంటికి కనిపించిందీ తేడా ఉంటే ఆ తేడాను సమయంతో సహా రాయించండి. ఎవరు సరి అని వాదించుకోవడానికి కాదు. ఏ గాలి దిశలో, ఏ వేళల్లో తేడా వస్తోందో కొంతకాలానికి దానంతటదే బయటపడుతుంది. రెండో సీలోమీటర్ ఎక్కడ పెట్టాలో ఆ రాతలు చూసి నిర్ణయించవచ్చు.

సీరియల్_కేబుల్

కమ్యూనికేషన్లు, పవర్ నా పని. ఇందాకటి నుంచి అందరూ సెన్సర్ల చుట్టే తిరుగుతున్నారు. ఏడాదిలో మీ కేంద్రం ఎన్నిసార్లు ఆగిందో, ఎందుకు ఆగిందో లాగ్‌బుక్ తీసి చూడండి. చాలా చోట్ల నేను చూసినదాన్ని బట్టి అసలు సెన్సర్ పాడైన సందర్భాలు తక్కువ. పిడుగు, నీరు దిగిన జాయింటు, చచ్చిన బ్యాటరీ, ఎలుక కొరికిన తీగ, ఇవే ఎక్కువ.

రన్‌వే పొడవునా పరిచిన రాగి తీగ పిడుగుకు పెద్ద తలుపు తెరిచినట్టే. దూరంగా ఎక్కడో పిడుగు పడినా నేల వోల్టేజీలో వచ్చే తేడా ఆ తీగ పట్టుకుని రెండు చివర్ల కార్డులనూ కాల్చేస్తుంది. మాస్ట్ దగ్గర ఎర్తింగ్ ఎంత ఉందో వేసవిలో, నేల ఎండి ఉన్నప్పుడు కొలవండి. వానాకాలంలో కొలిస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. సర్జ్ ప్రొటెక్టర్లు దెబ్బ కాచిన తర్వాత చచ్చిపోతాయి, బయటికి తెలియదు. ఉరుముల కాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వాటిని చూడాల్సిందే. మీకు మొదటి విడత డబ్బు వస్తే, నా మటుకు నేను సెన్సర్ల కంటే ముందు ఫైబర్ వేయిస్తాను. ఈ రోజు పాత సెన్సర్‌ను కన్వర్టర్‌తో దాని మీద నడపొచ్చు, రేపు కొత్తది వచ్చినా అదే తీగ పనికొస్తుంది.

గడియారం మర్చిపోకండి. సెన్సర్ల డేటా రాసుకునే లాగర్ ఒక సమయం, సర్వర్ ఒక సమయం, టవర్ రికార్డింగ్ ఇంకో సమయం చెబుతుంటే ఏదైనా సంఘటన జరిగిన రోజు ఎవరూ ఏదీ నిరూపించలేరు. అన్నిటికీ ఒకే జీపీఎస్ గడియారం ఇవ్వండి.

కాలిబ్రేషన్_గది

ఫైబర్ అవసరమే. కానీ ముందు దానికి డబ్బు పెట్టి, జారిపోయిన బారోమీటర్ అంకెను ఇంకా నమ్మకంగా పంపించడమేనా? పీడనం పోల్చి చూసే పనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు కదా. అది ఈ వారమే చేయొచ్చు.

సీరియల్_కేబుల్

అందులో నాకు పేచీ లేదు. పోల్చడం నిర్వహణ పని, దానికి బడ్జెట్ కోసం ఆగాల్సిన పనే లేదు. నేను చెబుతున్నది కొనే వరుస గురించి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలా చోట్ల "అప్‌గ్రేడ్ వస్తోంది కదా" అని ఉన్నవాటి సంరక్షణ ఆపేస్తారు. అప్‌గ్రేడ్ ఎప్పుడూ అనుకున్నదానికంటే ఆలస్యంగానే వస్తుంది, ఈలోగా విమానాలు ఆగవు.

టవర్_గొంతు

ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మాకు ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ మధ్య కాలమే.

కొత్త_లాగర్

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువుతున్నాను, అడగొచ్చో లేదో తెలియదు. ఇప్పుడు చవకైన డిజిటల్ సెన్సర్లు చాలా ఉన్నాయి. ఒక్క ఖరీదైన దాని బదులు అలాంటివి పది పెట్టి సగటు తీస్తే సరిపోదా? ఉష్ణోగ్రత లాంటి వాటికైనా?

కాలిబ్రేషన్_గది

మంచి ప్రశ్నే అడిగారు. సగటు తీస్తే యాదృచ్ఛికంగా వచ్చే తేడాలు తగ్గుతాయి. పదీ ఒకే బ్యాచ్‌లో తయారై, ఒకే ఎండలో ఒకేలా జారుతుంటే సగటు కూడా జారుతుంది. తేమ సెన్సర్లలో ఇది బాగా కనిపిస్తుంది, ఉప్పుగాలి, పొగ తగిలే చోట అన్నీ ఒకే దిక్కుకు వెళ్తాయి. ఇక ఉష్ణోగ్రతలో చిప్ కంటే దాని చుట్టూ ఉన్న షీల్డ్ పెద్ద సమస్య. తెల్లటి పళ్లాలు దుమ్ముతో మాసిపోతే, లేదా ఫ్యాన్ ఆగిపోతే, గాలి లేని మధ్యాహ్నం అది గాలి వేడిని కాక తన వేడిని చెబుతుంది. తారు మీద పెట్టినా, విమానాల ఎగ్జాస్ట్ తగిలే చోట పెట్టినా అంతే. వేడి రోజు టేకాఫ్ బరువు లెక్క ఈ అంకె మీదే నడుస్తుంది.

చవకైనవాటికి ఒక చోటు ఉంది. అసలు సెన్సర్ పక్కన కాపలాగా పెట్టండి. వాటి అంకె టవర్‌కు పంపకండి, తేడా మాత్రం చూసుకోండి. ఉన్నట్టుండి తేడా పెరిగితే వెళ్లి చూడటానికి అదొక కారణం.

రన్‌వే_పక్కన

అమెరికాలో మెటార్ చివర డాలర్ గుర్తు వస్తుంటుంది గమనించారా? ఆ కేంద్రానికి మెయింటెనెన్స్ కావాలని యంత్రం తనంతట తనే చెప్పుకోవడం అది. నాకు చాలా నచ్చిన ఏర్పాటు. మీ కొత్త సిస్టంలో అలాంటి స్వీయ పరీక్ష సమాచారం అంతా, అంటే హీటర్ కరెంటు, లేజర్ శక్తి, ఫ్యాన్ వేగం, అద్దం మురికి, మీ చేతికి అందేలా ఒప్పందంలో రాయించుకోండి. కొన్ని కంపెనీలు ఇవి తమ సర్వీస్ వాళ్లకే కనిపించేలా దాచిపెడతాయి.

సీరియల్_కేబుల్

ఒప్పందం మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. సెన్సర్ నుంచి వచ్చే ముడి డేటా ఫార్మాట్ పత్రాలతో సహా మీ సొంతం కావాలి. లేకపోతే రేపు ఇంకో కంపెనీ సీలోమీటర్ కలపాలంటే పాత కంపెనీ కాళ్లు పట్టుకోవాలి. 2020 నవంబర్ నుంచి ఐకావో మెటార్, టాఫ్ (విమానాశ్రయ వాతావరణ అంచనా) లాంటివాటిని ఐడబ్ల్యూఎక్స్‌ఎక్స్ఎం అనే ఎక్స్ఎంఎల్ రూపంలో మార్పిడి చేసుకోవాలని నిబంధన పెట్టింది, కాబట్టి కొత్త సర్వర్ ఆ ఎక్స్ఎంఎల్ ఇవ్వగలగాలి. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఆపరేటింగ్ సిస్టం మీద నడిచే పాత కంప్యూటర్‌ను బయటి నెట్‌వర్క్‌కు నేరుగా తగిలించకండి. అది మార్చే రోజు వచ్చేదాకా మధ్యలో డేటాను ఒక్క దిక్కుకే పంపే ఏర్పాటు పెట్టండి.

మాస్ట్10

ఇప్పటిదాకా విన్నదాన్ని బట్టి ఇలా అనుకుంటున్నాను. బడ్జెట్ అక్కర్లేని పనులు వెంటనే: బారోమీటర్ల పోలిక, గొట్టం తనిఖీ, ల్యుమినెన్స్ సెన్సర్, లైట్ల పట్టిక, డేటా ఆగితే స్క్రీన్ ఖాళీ అయ్యే సెటింగ్, ఎర్తింగ్ కొలత. మొదటి విడతలో ఫైబర్, సర్జ్ రక్షణ, మూడో బారోమీటర్. రెండో విడతలో గాలి, ఆర్‌వీఆర్ సెన్సర్లు. సర్వర్, డిస్‌ప్లేలు చివర్లో, కొత్త సెన్సర్లన్నీ వచ్చాక. పైవాళ్లను ఒప్పించడానికి టవర్ వాళ్ల నుంచి ఒక లేఖ అడుగుతాను.

గాలి సెన్సర్ల మీద ఒక్క సందేహం మిగిలింది. పాతవి తీసిన మాస్ట్ మీదే కొత్తవి పెట్టాలా, పక్కన కొత్త మాస్ట్ వేసి రెండూ కొంతకాలం నడపాలా?

పాత_పరిశీలకుడు

రెండూ నడపండి. ఏళ్ల తరబడి ఉన్న గాలి రికార్డు మీద రన్‌వే వాడకం, కొత్త కట్టడాల అనుమతులు, వాతావరణ లెక్కలు ఆధారపడి ఉంటాయి. కప్పులు తీసి అల్ట్రాసోనిక్ పెట్టిన రోజు సగటులో, గస్ట్‌లలో ఒక మెట్టు వస్తుంది. ఆ మెట్టు వాతావరణానిదా, పరికరానిదా అని రేపు ఎవరో అడుగుతారు. అన్ని ఋతువులూ వచ్చేలా కనీసం ఏడాది పక్కపక్కన నడిస్తేనే జవాబు ఉంటుంది. గస్ట్ అంటే మూడు సెకన్ల సగటు మీద లెక్క అని ఐకావో చెబుతుంది. పాత లాగర్ ఎలా లెక్కిస్తోందో ముందు తెలుసుకోండి, అది వేరే పద్ధతైతే పోలిక మొదటి రోజే పక్కదారి పడుతుంది.

రన్‌వే_పక్కన

కొత్త మాస్ట్ వేసేటప్పుడు మూడు విషయాలు చూడండి. ఒకటి, రన్‌వే స్ట్రిప్‌లో ఏది నిలబెట్టినా అది విమానం తగిలితే సులభంగా విరిగిపోయే ఫ్రాంజిబుల్ రకం అయి ఉండాలి. పాత ఇనుప లాటిస్ మాస్ట్ కొలతలు చూసి అలాంటిదే ఇంకోటి చేయించకండి. రెండు, పాత మాస్ట్ నీడలో కొత్తది పడకూడదు. ఎక్కువగా గాలి వచ్చే దిశకు అడ్డంగా, పక్కపక్కన ఉండాలి, ఒకదాని వెనక ఒకటి కాదు. చుట్టూ ఉన్న అడ్డంకి ఎత్తుకు పది రెట్ల దూరం ఉండాలన్న నియమం మీ పాత మాస్ట్ వేసిన రోజున పాటించే ఉంటారు. ఆ తర్వాత లేచిన హ్యాంగర్లు, పెరిగిన చెట్లు ఉన్నాయేమో ఇప్పుడు మళ్లీ కొలవండి.

మూడోది, అయస్కాంత విచలనం, అంటే నిజ ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య కోణం. అది ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పెట్టిన విలువ అలాగే ఉండిపోతే, కొత్త సిస్టంలో సరైన విలువ పెట్టినప్పుడు రెండు సెన్సర్ల మధ్య దిశలో తేడా వస్తుంది. సెన్సర్ తప్పు అనుకుని మాస్ట్ ఎక్కి తిప్పేస్తారు. మొదటి వారం పోలిక నిజ ఉత్తరం లెక్కలోనే చేయండి. అది కలిసిన తర్వాతే టవర్ డిస్‌ప్లే వైపు వెళ్లండి.

టవర్_గొంతు

లేఖ ఇస్తాం. మేం చూస్తున్న స్క్రీన్ మీద ఏ సెన్సర్ అంకె వస్తోందో, పాతదా కొత్తదా, ఆ ఏడాదంతా స్క్రీన్ మీదే రాసి ఉంచండి. మార్చే రోజు షిఫ్ట్ మొదలవక ముందే మాకు చెప్పండి.